పేరులేని బటన్ల చుట్టరికం

నీటి సరఫరా ఆఫీసు మూడో అంతస్తులో ఫిర్యాదులు వినే హాలు ఉంది. పద్నాలుగు కుర్చీలు, పద్నాలుగు ఫోన్లు, పద్నాలుగు కంప్యూటర్లు. కిటికీ పక్కనున్న ఆరో కుర్చీ ఆమెది. పదకొండేళ్ళుగా అందులోనే కూర్చుంటోంది. పుట్టుకతోనే చూపు లేదు. చూపులేని మనిషికి కిటికీ పక్క సీటెందుకని చేరిన కొత్తలో ఒకాయన సణిగాడు. "గాలి కళ్ళతో పీల్చరు కదండీ" అందామె. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఒక చెవికి ఫోను, రెండో చెవికి స్క్రీన్ రీడర్. తెర మీద ఏముందో గబగబా చదివి చెప్పే ప్రోగ్రాం అది. పక్కసీటావిడ, హాల్లో అందరికీ వదిన, ఓసారి ఆ ఇయర్‌ఫోన్ పెట్టుకుని విని, "ఇదేంటి, ఎవరో పోట్లాడుకుంటున్నట్టుంది" అని తీసేసింది. ఆమెకి మాత్రం ఆ వేగం మంచినీళ్ళ ప్రాయం. ఫిర్యాదు విని, రాసి, ఆ వీధి సిబ్బందికి పంపడంలో హాలు మొత్తానికీ ఆమెదే పైచేయి.

ఆమె సుఖం ఎవరి కంటపడిందో గానీ, ఏడు నెలల కిందట పాత ప్రోగ్రాం తీసేసి కొత్త వెబ్ పేజీ పెట్టారు. దాని నెత్తిన చక్రాల కుర్చీ బొమ్మ, 'అందరికీ అందుబాటులో' అన్న మాట. తెరవగానే ఓ ఆడగొంతు స్వాగతం పలుకుతుంది. ఆ స్వాగతం స్క్రీన్ రీడర్ మాటల మీద పడి రెంటినీ వినపడకుండా చేస్తుంది. దాన్ని ఆపే బటన్ ఉంది గానీ, అదెక్కడుందో చెప్పే గొంతు లేదు.

స్వాగతం అయ్యాక స్క్రీన్ రీడర్ అందుకుంది. "బటన్. బటన్. బటన్. బొమ్మ. బటన్." మొత్తం తొమ్మిది. ఒక్కదానికీ పేరు లేదు. ఏది పంపేది, ఏది మూసేది, ఏది చెరిపేది అంటే, చూపున్నవాళ్ళు బొమ్మ చూసి నొక్కాలి. మిగతావాళ్ళు దేవుడి మీద భారం వేసి నొక్కాలి.

పేజీ తయారుచేసిన కంపెనీ తరఫున వచ్చే ఇంజినీరుకి హాల్లో అందరూ పెట్టిన పేరు చిన్నమార్పు. ఏమడిగినా "చిన్న మార్పేనండీ" అంటాడు. ఎవరూ అడగని మార్పులు మాత్రం వారం వారం చేసిపోతాడు.

"బటన్లకి పేర్లు పెట్టండి" అని అడిగిందామె.

"పేర్లెందుకండీ, బొమ్మలున్నాయిగా."

"ఎవరికున్నాయి?"

అతను తెర వైపు వేలు చూపించాడు. "మీ కోసం అక్షరాలు పెద్దవి చేశాం కదండీ. పసుపు రంగు కూడా వేశాం."

"ఇంకాస్త ఉబ్బెత్తుగా చెయ్యండి. తెర తడిమి చదువుకుంటాను."

అతను నిజంగానే నోట్సు రాసుకున్నాడని పక్కసీటు వదిన తర్వాత చెప్పింది.

బతిమాలుతూ కూర్చుంటే తెల్లారదని ఆమెకి అర్థమైంది. స్క్రీన్ రీడర్‌కి మనమే స్క్రిప్టు రాసి పనులు నేర్పచ్చు. ఫలానా మీట నొక్కితే పేజీలో ఫలానా చోటికెళ్ళు, అక్కడున్నదాన్ని ఈ పేరుతో పలుకు, నొక్కమంటే నొక్కు అని. ఊరి అవతల ఇదే సంస్థ ఆఫీసులో పనిచేసే టైపిస్టు, అతనికీ చూపు లేదు, ఆమెకి ఫోన్లో మొదటి పాఠాలు చెప్పాడు. కొత్త పేజీ వచ్చిన నెలకే అతన్ని సీట్లోంచి లేపి గుమ్మం దగ్గర కుర్చీ వేశారు. వచ్చినవాళ్ళకి నమస్కారం పెట్టడం ఉద్యోగం. "గుమ్మానికి కట్టిన తోరణం లాగా ఉన్నానక్కా" అన్నాడు. "తోరణాన్ని పండక్కి మారుస్తారు, నన్ను మార్చరు."

రెండు వారాలు కష్టపడి ఆమె స్క్రిప్టు రాసింది. కూర్చి చూస్తే తేలికే. పైనుంచి నాలుగో బటన్ సిబ్బందికి పంపేది, ఏడోది చెరిపేది. లెక్కపెట్టి వెళ్ళి నొక్కడమే. మళ్ళీ ఆమె చెయ్యి వేగం అందుకుంది.

ఓ శుక్రవారం చిన్నమార్పు వచ్చి బటన్ల వరస మార్చిపోయాడు. నాలుగో స్థానంలోకి 'సమస్య తీరింది' అనే బటన్ వచ్చి కూర్చుంది. ఆమె పంపాననుకున్న పదిహేడు ఫిర్యాదులు తీరిపోయినట్టు మూతపడ్డాయి. పదిహేడిళ్ళలో కుళాయిలు ఎండిపోయే ఉన్నాయి. ఆ సాయంత్రం గోడ మీద బోర్డులో ఆమె పనికి మొదటి స్థానం. చుక్క నీరివ్వకుండా సమస్య తీర్చడం ఆ ఆఫీసులో ఎప్పుడూ మంచి మార్కులు తెచ్చే విద్యే.

మర్నాడు ఓ ముసలాయన ఫోన్ చేసి, "తీరిందన్నారటగా, బిందె పట్టుకుని మీ ఆఫీసుకి రమ్మంటారా" అన్నాక ఆమెకి విషయం తెలిసింది. పదిహేడింటినీ తనే మళ్ళీ తెరిపించి, తనే వెళ్ళి సూపర్‌వైజర్‌తో చెప్పింది. తప్పు తనే ఒప్పుకున్నందుకు వెంటనే మెమో ఇచ్చారు. పది రోజుల్లో డైరెక్టరుగారి ఎదుట ఎవరి సాయమూ లేకుండా పది ఫోన్లు చూడాలి. చూడలేకపోతే కింద గుమ్మం దగ్గర కుర్చీ సిద్ధంగా ఉంది.

"గౌరవమైన కుర్చీయే" అన్నాడు సూపర్‌వైజర్. "మెత్త కూడా వేయించాం."

ఇంట్లో ఆ సాయంత్రం అత్తగారు బఠాణీలు వలుస్తూ కబుర్లు మొదలెట్టింది. ఆవిడకి ఎవరి పేరూ గుర్తుండదు.

"ఇవాళ అతనొచ్చాడే. అదే, మూలింటావిడ పెద్దకోడలి తమ్ముడు."

"పేరేంటత్తయ్యా?"

"పేరు నాకెందుకు. వాళ్ళు ఇల్లు మారినా, వీధి మారినా, వాడు ఆవిడ కోడలి తమ్ముడు కాకుండా పోతాడా?"

ఆమె చేతిలో బఠాణీకాయ అలాగే ఉండిపోయింది. తను పేరులేని బటన్లని బడిలో పిల్లల్లా వరసలో నిలబెట్టి లెక్కపెట్టింది. చుట్టరికం అడగలేదు. వెబ్ పేజీ లోపలంతా సంసారమే. ఒక పెట్టె తల్లి, దానిలో ఉన్నవి పిల్లలు, ఒకే పెట్టెలో ఉన్నవి తోబుట్టువులు. స్క్రిప్టు వాటిని అడిగి తెలుసుకోగలదు. పంపే బటన్ ఎక్కడ తిరిగినా, 'సిబ్బంది పేరు' అన్న జాబితాతో ఒకే పెట్టెలో ఉంటుంది. మూసే బటన్, 'సమస్య నివృత్తికి గల కారణము' అన్న గడికి తోబుట్టువు.

ఆ మాటలు మారవా అంటే, మారవు. గడుల మీది మాటలు ఫైలెక్కి, నాలుగు సంతకాలు పడి వచ్చినవి. ఆ ఆఫీసులో పైపు పగిలితే మారుస్తారేమో గానీ, సంతకం పడ్డ మాట మార్చే మొనగాడు ఇంకా పుట్టలేదు. 'నివృత్తి' అంటే ఏంటో చిన్నమార్పుకి ఈనాటికీ తెలీదు. అయినా దాని జోలికెళ్ళడు.

ఏడు రోజులు కూర్చుని స్క్రిప్టు మొత్తం తిరగరాసింది. ఈసారి ఇంకో కట్టుబాటు పెట్టింది. చుట్టం కనపడకపోతే "దొరకలేదు" అని చెప్పి ఊరుకోవాలి, ఎవరినో ఒకరిని నొక్కకూడదు. పదిహేడు ఎండిన కుళాయిలు నేర్పిన పాఠం అది.

పరీక్ష రోజు ఉదయం డైరెక్టరు, సూపర్‌వైజర్, చిన్నమార్పు ముగ్గురూ ఆమె వెనక నిలబడ్డారు. డైరెక్టరుగారు వస్తున్నారని చిన్నమార్పు ముందురోజే పేజీకి కొత్త రంగులు, కొత్త బొమ్మలు, కొత్త వరస పెట్టాడు. ఫోన్లు మొదలయ్యాయి. పక్కసీటు వదిన గొణిగింది. "పంపే బొమ్మ ఏదీ? నిన్న బాణం గుర్తు ఉండేది, ఇవాళ చేతులు జోడించి ఉంది." వెనక వరసలో ఎవరో ఫిర్యాదు చెరిపేసి నాలిక కరుచుకున్నారు. పదమూడు మంది కళ్ళు తెర మీద వెతుకుతూనే ఉన్నాయి.

ఆరో కుర్చీలో మీటలు టకటకమంటున్నాయి. "చెప్పండమ్మా. ఏ వీధి? ఎన్నాళ్ళుగా రావట్లేదు?" పది ఫోన్లు అయిపోయాయి. పదకొండోది కూడా తీసుకుంది.

"అద్భుతం" అన్నాడు డైరెక్టరు. "మన పత్రికలో ఫొటోతో వేయిద్దాం. చూపున్నవాళ్ళకే ఆదర్శం."

"ఇంకేం సార్, మేడమ్‌కి ఇబ్బందేం లేదు" అన్నాడు చిన్నమార్పు హాయిగా. "ఇక బటన్లకి పేర్లు అక్కర్లేనట్టే."

ఆమెకి ఒళ్ళు మండింది. తను ఏడు నెలలు పడ్డ పాట్లు వీళ్ళ బద్ధకానికి సర్టిఫికెట్ అయ్యాయి. స్క్రిప్టు ఆపేసింది. ఇయర్‌ఫోన్ ఊడబెరికి, స్పీకర్ గొంతు పెంచి, పేజీని మళ్ళీ మొదటినుంచి తెరిచింది. ఆడగొంతు స్వాగతం పలికింది. తర్వాత హాలంతా మోగింది. "బటన్. బటన్. బటన్. బొమ్మ. బటన్."

"ఇదేంటమ్మా?" అన్నాడు డైరెక్టరు.

"మీ పేజీ అండి. నాకు మీరిచ్చింది ఇదే. ఇందాక మీరు చూసింది నేను తెచ్చుకున్నది."

ఫోన్లు మోగుతున్నాయి. కొత్త బొమ్మలు అర్థంకాక, తీసినవాళ్ళు "ఒక్క నిమిషం ఉండండి" అనే మాట తప్ప ఇంకేం చెప్పలేకపోతున్నారు.

"ముందు ఆ ఫోన్లు చూడమ్మా" అన్నాడు సూపర్‌వైజర్.

"చూస్తానండి." సొరుగులోంచి టైపు చేసిన కాగితం తీసి డైరెక్టరు ఉన్న వైపు చాపింది. "తొమ్మిది బటన్లకి తొమ్మిది పేర్లు. అడుగున ఇంకో లైనుంది. అవతలి ఆఫీసులో గుమ్మం దగ్గర కూర్చోబెట్టిన టైపిస్టుని అతని సీటుకి పంపాలని. రెంటి కిందా సంతకం పెట్టండి. సంతకం పడితే ఇక్కడ ఎవరూ మార్చలేరని విన్నాను."

"అంటే షరతు పెడుతున్నావా?"

"ఆదర్శం కదండీ, అలాగే ఉంటుంది."

పక్కసీటు వదిన దగ్గు తెచ్చుకుని నవ్వు దాచుకుంది. స్పీకర్ మళ్ళీ మొదటినుంచి అందుకుంది. "బటన్. బటన్." నాలుగోసారి విన్నాక డైరెక్టరు జేబులో పెన్ను వెతుక్కున్నాడు. కాగితం మీద పాళీ గీసిన చప్పుడు ఆమె విన్నది. రెండు చోట్ల గీసిందని తేల్చుకున్నాకే స్క్రిప్టు మళ్ళీ పెట్టింది.

చిన్నమార్పు కాగితం చదువుకుంటూ అన్నాడు. "ఇంతేనా అండీ. చిన్న మార్పే. గంటలో అయిపోతుంది."

"ఏడు నెలల్నుంచీ ఆ గంట ఎక్కడుందండీ?" అని, జవాబు కోసం ఆగకుండా ఫోనెత్తింది. "చెప్పండమ్మా, ఏ వీధి?"