అక్క ఫ్రీ ప్రోగ్రాంకి అమ్మ వయొలిన్

మా చిన్నప్పుడు... ట్రాయ్ అనే ఊళ్లో ఇంకా తెల్లవారకముందే అమ్మ మమ్మల్ని కార్‌లో వేసుకుని ఐస్ రింక్‌కి బయల్దేరేది. స్కేటింగ్ అక్కకి. నేను ఉత్త తోక. మరచెంబు నిండా వేడి పాలు ఒళ్లో పెట్టుకుని, వెనక సీట్లో తూగుతూ వెళ్లేదాన్ని.

ఫిగర్ స్కేటింగ్ పోటీల్లో ఆడపిల్లలు పాటకి తగ్గట్టు మంచు మీద ఎగురుతూ, తిరుగుతూ ఫ్రీ ప్రోగ్రాం అని ఒకటి చేయాలి. దానికి సంగీతం ఎవరికి వాళ్లే ఎంచుకోవాలి. అక్కతో నేర్చుకునే పిల్లలంతా పియానోనో, ఏదో ఒక సినిమా సంగీతమో తెచ్చుకునేవాళ్లు. ఒకే పాట కోసం ముగ్గురు మొహాలు ముడుచుకున్న రోజులూ ఉన్నాయి! మా అమ్మకి అవేవీ ఒక పట్టాన నచ్చలేదు.

"బయట పాటలెందుకే? నేను వాయిస్తా" అంది.

పెళ్లికి ముందు వయొలిన్ కచేరీలు చేసిన మనిషి... కదనకుతూహలం రాగంలో తనే ఒక బాణీ కట్టింది.

ఇక ప్రాక్టీసప్పుడు చూడాలి! రింక్ పక్కన బెంచీ మీద, లావుపాటి కోటుతో, బాసింపట్టు వేసుకుని కూర్చునేది. వేళ్ల చివర్లు కత్తిరించిన గ్లవ్స్‌తో వాయించేది. చలికి శ్రుతి తప్పుతుంటే విసుక్కుంటూ బిరడాలు తిప్పుకునేది. మిగతా తల్లులు వింతగా చూసేవాళ్లు.

అక్క జంప్ చేయబోయి పడిపోతే అమ్మ పాటలో ముందుకి వెళ్లేది కాదు. ఉన్నచోటే స్వరాన్ని సాగదీస్తూ ఉండేది. అక్క లేచి, మంచు దులుపుకుని, కుదురుకున్నాకే మిగతాది.

కోచ్ తల పట్టుకుంది. పోటీలో రికార్డింగే వేస్తారు, అది ఎవరి కోసమూ ఆగదు, ఇప్పటినుంచే అలవాటు చేయండని నాన్నకి గట్టిగా చెప్పింది. నాన్న ఆ మాటే ఇంట్లో అంటే...

"పిల్ల కింద పడుంటే నేనెలా వాయించుకుంటూ పోతానండీ?" అంది అమ్మ.

ఆ ఏడాదే అమ్మకి క్యాన్సర్ అని తెలిసింది. కీమో మధ్యలో కాస్త ఓపిక వచ్చిన ఒక మధ్యాహ్నం, లివింగ్ రూమ్‌లో కూర్చుని, ఎక్కడా ఆగకుండా పాటంతా రికార్డ్ చేసింది. చివర్లో దగ్గింది. నాన్న కంప్యూటర్‌లో ఆ దగ్గు తీసేశారు. అదైనా ఉంచుకోవాల్సిందని ఇప్పటికీ బాధపడతారు.

పోటీ నాటికి అమ్మ లేదు... వేరే సంగీతం పెట్టుకోమని కోచ్ ఎంత బతిమాలినా అక్క వినలేదు.

రింక్ అంతా అమ్మ వయొలిన్... అంత పెద్దగా మేమెప్పుడూ వినలేదు. నాన్న నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకున్నారు. మొదటి జంప్ బాగానే వచ్చింది. తర్వాతి జంప్‌కి అక్క పడిపోయింది.

పడితే వెంటనే లేవాలి. అక్కకి తెలియని విషయం కాదు. కానీ లేవలేదు. మంచు మీద అలాగే కూర్చుని, తలెత్తి స్పీకర్ల వైపు చూస్తూ ఉండిపోయింది. పాట తన దారిన తను వెళ్లిపోతూనే ఉంది. చివరికి రిఫరీ విజిల్ వేసి ఆపించారు. దెబ్బేమీ తగల్లేదు.

తిరిగి వస్తుంటే కార్‌లో అక్క అంది.

"అది రికార్డింగే అని నాకు తెలుసు నాన్నా... అయినా అమ్మ ఆగుతుందనుకున్నా."

నాన్న గ్యాస్ స్టేషన్ పక్కగా కారు ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చారు. ఆయన ఏడవడం అంతకుముందు మేము చూడలేదు.

అక్క మళ్లీ పోటీలకి వెళ్లలేదు. ఇప్పుడు కమ్మింగ్ అనే ఊళ్లో ఉంటుంది. ఈ మధ్య వాళ్లమ్మాయి రింక్‌కి వెళ్తానని మారాం చేస్తోందట. ఈ కాలం పిల్లలకి ఎంత సులువో... ఫోన్‌లో పాట వెతుక్కుని, కావలసినంత మేర కత్తిరించుకుంటారు. వేలు ఆనిస్తే ఆగుతుంది, మళ్లీ ఆనిస్తే మొదలవుతుంది.

అమ్మ పాట మా ఇద్దరి ఫోన్లలోనూ ఉంది. మీలో ఎవరైనా అమ్మ గొంతో, అమ్మ వాయించిందో ఇలా దాచుకున్నారా? ఉంటే చెప్పండి... మీరు వినగలుగుతున్నారా? మాకైతే ఇంకా ధైర్యం చాలడం లేదు.