పిలవని బరువు

మా వంశంలో దయ్యాలకు భయపడినవాళ్ళు లేరు. నేనూ భయపడలేదు, ఇప్పుడూ భయపడను. ఇది చదివి నాకు దిష్టి తీయించమని, తాయెత్తు కట్టించుకోమని ఎవరూ సలహా ఇవ్వనక్కరలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పెనుకొండ దగ్గర మాకు ఒకప్పుడు ఊళ్ళు ఉండేవి. నా కాలానికి మిగిలింది ఒక పాత ఇల్లు, తలుపుల అనే ఊరి వైపు కొండల్లో మా కులదేవత గుడి దగ్గర తొలిపూజ హక్కు. ఆ హక్కుకు ఒక నియమం ఉంది. ఇంటి పెద్ద కనుమ దారిన తన సొంత వాహనం మీదే గుడి ముందుకు చేరాలి. నడిచి వచ్చినా, అరువు బండిలో వచ్చినా ఆ ఏటి నుంచి హక్కు ఇంకొకరిది అవుతుంది. తాత, నాయన గుర్రం మీద వెళ్ళారు. చివరి గుర్రం రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏట, పూజ అయిపోయాక చచ్చిపోయింది. ఆ సంగతి తెలిసిన రంగప్ప, హిందూపురంలో వేరుశెనగ మండీ పెట్టి పైకి వచ్చినవాడు, మంచి ఎద్దుల జత కొని ఆ హక్కు కోసం కాచుకుని ఉన్నాడు.

యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న జీపులు బెంగళూరులో అమ్ముతున్నారని తెలిసింది. బావి కింద మిగిలిన చేను అమ్మి ఒకటి తెచ్చాను. ఊరంతా దాన్ని డబ్బా అన్నారు. అననిచ్చాను.

దాన్ని కొండదారికి సిద్ధం చేసింది హిందూపురం కమ్మరి నాగప్ప. ఇంజను కింద రాళ్ళు తగలకుండా ఇనప రేకు బిగించాడు. ముందు తోలుతిత్తితో నీళ్ళు వేలాడదీశాడు. పక్కన పార, గొలుసు, ఇసుకలో చక్రాల కింద వేయడానికి గోనెసంచులు కట్టాడు. తొలిపూజలో అమ్మవారికి ఇచ్చే పట్టుచీర కోసం వెనక ఒక రేకు పెట్టె బోల్టులతో బిగించాడు. వెనక బరువు మోసే ఉక్కు పట్టీల కట్టను కమాను అంటారు. రెండు కమాన్లకూ చెరో పట్టీ అదనంగా వేశాడు. అప్పుడు టైరుకూ పైన మడ్‌గార్డుకూ మధ్య జానెడు ఖాళీ వచ్చింది. నేనే చెయ్యి పెట్టి కొలిచాను.

అంతా అయ్యాక నాగప్ప తల గోక్కున్నాడు.

"దొరా, కమాను బిర్రయిపోయినాది. ఎనక బరువు లేకుంటే ఎగిరెగిరి పడతాది. ఊర్లో నలుగుర్ని ఎక్కించుకుంటే పోలా?"

"ఎవర్నీ అడిగేది లేదప్పా."

"అడిగితే ఏం పోతాది?"

నాయన బయలుదేరితే జనం ఎవరూ పిలవకుండానే వెంట వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఇంటింటికీ తిరిగి, నా బండిలో బరువుకు కూర్చోండి అని బతిమాలాలా? నాగప్ప ఒక్కడే వచ్చాడు, బండి చెడితే బాగుచేయడానికి.

పూజకు ముందురోజు పెనుకొండ మీదుగా ధర్మవరం చేరి, నేతగాడి ఇంటి నుంచి చీర తీసుకున్నాం. తెల్లవారగానే కొండల వైపు సాగాం. పొద్దు నడినెత్తికి వచ్చేలోగా గుడి ముందు ఉండాలి.

కనుమ కింద వంక, అంటే చిన్న వాగు, దాటుతుంటే ఒక రాయి తగిలి ముందు చక్రాలను తిప్పే ఇరుసు విరిగింది. ఇక వెనక చక్రాలే దిక్కు. ఎదురుగా గులకరాళ్ళ ఎత్తు, ఎడమ పక్కన లోయ. పైనుంచి రంగప్ప మనుషులు తొంగిచూస్తున్నారు. ఎద్దుల బండి అప్పటికే ఎక్కేసింది.

మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ వెనక చక్రాలు పట్టు దొరక్క రాళ్ళు చిమ్ముకుంటూ గిర్రున తిరిగాయి. బండి జారింది. ప్రతిసారీ నాగప్ప వెనక నుంచి చక్రానికి రాయి అడ్డం వేసి ఆపాడు.

రంగప్ప పైనుంచి కేక వేశాడు. "ఏమప్పా నాగప్పా! దొర దిగి నడుచ్చాడా, లేకుంటే మేమొచ్చి ఎత్తుకోవాల్నా?"

వాళ్ళు నవ్వారు. నాగప్ప నా దగ్గరికి వచ్చాడు. "దిగండి దొరా. హక్కు పోతే పోనీ, పానం పోకూడదు."

"నువ్వు పక్కకు జరుగు. నేను దిగను."

నాలుగోసారి గేరు వేశాను. బండి కదలకముందే వెనక భాగం కిందికి దిగింది. కుదుపు కాదు. మొదట కుడివైపు కొంచెం, తర్వాత ఎడమవైపు, మళ్ళీ కుడివైపు. బండిలోకి మనుషులు ఒక్కొక్కరే ఎక్కి సర్దుకుని కూర్చుంటే ఎలా దిగుతుందో అలా. చేతిలో స్టీరింగు తేలికైంది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. భయపడ్డానని ఎవరైనా అంటే ఒప్పుకోను. పక్కన లోయ ఉన్నప్పుడు కళ్ళు దారి మీదే ఉండాలి.

చక్రాలు పట్టుకున్నాయి. బండి ఒక్క జారు కూడా జారకుండా, నిండు బరువుతో మూలుగుతూ పైకి ఎక్కింది. చదునుకు చేరి ఆపగానే కమాన్లు కిర్రుమంటూ లేచాయి. ఒకేసారి కాదు, కొంచెం కొంచెంగా, ఒక్కొక్కరూ దిగుతున్నట్టు.

నాగప్ప రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. అతని ముఖంలో నెత్తురు లేదు.

"ఏం చూసినావు?" అని అడిగాను.

"మడ్‌గార్డు టైరు మీదికి ఆనిపోయినాది దొరా. రెండు వేళ్ళ సందు కూడా లేదు."

"బండిలో ఎవరున్నారు?"

"ఎవురూ లేరు. బరువు మాత్రం ఉండాది."

గుడి ముందు పూజారి నిలబడి ఉన్నాడు. చీర అందుకునే ముందు అందరికీ వినపడేలా ఒక మాట అడగడం అక్కడి ఆచారం.

"ఎంతమందితో వచ్చినారు?"

నాయన కాలంలో నలభై, యాభై అని చెప్పగా విన్నాను. నాగప్ప నా మోచేతిని తాకాడు. అతను ఏం చెప్పమంటున్నాడో నాకు అర్థమైంది. చెబితే రంగప్ప నోరు మూతపడేది. కానీ కంటితో చూడని మనుషులను నా పరివారమని చెప్పుకునే గతి నాకు పట్టలేదు.

"ఇద్దరం" అన్నాను.

రంగప్ప పకపకా నవ్వాడు. పూజారి నవ్వలేదు. నా వెనక ఖాళీ జీపును ఒకసారి చూసి, చీర తీసుకుని లోపలికి వెళ్ళాడు. తొలి టెంకాయ నేనే కొట్టాను. హక్కు మాకే నిలిచింది.

హిందూపురం చేరాక నాగప్ప కమాన్లు విప్పాడు. అతను కొత్తగా వేసిన రెండు పట్టీలూ నడిమికి విరిగి ఉన్నాయి. వంకలో రాయి తగిలి విరిగాయని కొందరన్నారు. రాయి తగిలింది ముందు ఇరుసుకు. ఎండకు మా ఇద్దరి తలలూ తిరిగాయని మరికొందరన్నారు. ఎండకు తల తిరుగుతుందేమో, ఉక్కు విరగదు. "పదిమందిని మోస్తే గాని ఇట్ల ఇరగదు దొరా" అన్నాడు నాగప్ప. ముప్పై ఏళ్ళు ఇనుముతో పనిచేసిన మనిషి మాట అది.

వాళ్ళు మా పెద్దలేనని ఇంట్లో ఆడవాళ్ళు దీపం పెట్టారు. నేను పెట్టమననూ లేదు, వద్దననూ లేదు. మా పెద్దలైతే ఒక్క మాటైనా అదలించకుండా దిగిపోయేవాళ్ళు కారు. మరెవరో నాకు తెలియదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే దారిన, అదే బండితో వెళ్ళాను. మళ్ళీ ఎప్పుడూ అలా జరగలేదు.

దానికి నా దగ్గర వివరణ లేదు. పూజారికి చెప్పిన మాటకు నేను తల దించుకోను. చూసిందే చెప్పాను. అయితే పిలవకుండా వచ్చి నా పరువు మోసినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళను వాళ్ళ ఎదుటే లెక్కలోంచి తీసేశాను కదా అన్న ఆలోచన మాత్రం వస్తుంది. అది వచ్చిన రోజు నాకు అన్నం సయించదు.