కందకంలోంచి పైకి

హైద్రున్ పాచ్కెకి డెబ్బై ఒకటి. మా ఊరి ఇంగ్లీషు పద్ధతి తోటలో ముప్పై ఎనిమిదేళ్ళు మాలి పని చేసింది. ఎవరూ నాటనట్టు, దానంతటదే పెరిగినట్టు కనిపించే ఆ తోటలో ఏ చెట్టుకైనా ఆమె రంపం తగిలే ఉంటుంది.

ఊరికీ సమాధులకూ మధ్య ఆ తోటే ఉంది. పూర్వం దొర తన మేడ కిటికీలోంచి చూస్తే పచ్చిక, చెరువు, దూరాన చర్చి గోపురం తప్ప మరేం కనపడకూడదన్నాడు. అందుకని మా దారిని నిలువెత్తు కందకంలోకి దించాడు. అందమంటే పనివాళ్ళ తలలు కనపడకపోవడం కాబోలు. మా తాతలు శవాల్ని కూడా అందులోంచే మోశారు. దొరలు పోయారు. మేం మాత్రం అలవాటుకొద్దీ అందులోనే నడిచాం.

పోయిన వసంతంలో తోటకూ మేడకూ కొత్తగా వచ్చిన డైరెక్టరు లోరెంజెన్, గట్లు కూలుతున్నాయంటూ కందకం పూడ్పించాడు. పచ్చిక తొక్కకూడదు కనక, ఇక సమాధులకు పోవాలంటే చుట్టూ మూడు కిలోమీటర్లు. హైద్రున్‌కి తుంటి కీలు మార్చి ఏడాది కాలేదు. వేసవిలో రోజూ నీళ్ళు పోయకపోతే మొగుడు ఎగోన్ సమాధి మీది బిగోనియా పూలమొక్కలు మాడిపోతాయి. ఎండిన సమాధిని మా ఊరు క్షమించదు.

జూన్‌లో ఓ ఆదివారం ఆమె ఎర్ర నీళ్ళ డబ్బా పట్టుకుని పచ్చిక నడిమధ్యలోంచి నడిచింది. వెనకే చేతిపారతో నేను, ఆమె పక్కింటిదాన్ని. మేడ చూడ్డానికి టిక్కెట్టు కొనుక్కొచ్చిన జనం కిటికీల్లోంచి ఫోటోలు తీస్తున్నారు. లోరెంజెన్ పరుగున వచ్చాడు.

"పాచ్కె గారూ, మీరు దృశ్యానికి అడ్డం వస్తున్నారండీ."

"అడ్డం రాకూడదనే ఇన్ని తరాలు గోతిలో నడిచాం నాయనా. ఆ గొయ్యి పూడ్చింది మీరేగా."

"చుట్టూ దారుంది కదండీ."

"ఉంది. నా తుంటి పెట్టుకుని ఓసారి తిరిగి రండి."

నాకు నవ్వాగలేదు. "నవ్వింది చాలు ఎల్కె, రేపు డబ్బా నువ్వు మోయాలి" అంది.

"జరిమానా వెయ్యాల్సొస్తుంది" అన్నాడాయన.

"వెయ్యండి. మొగుడి సమాధికి పోతున్నందుకని చీటీ మీద రాయండి."

మరుసటి ఆదివారం పచ్చిక మీద పధ్నాలుగు డబ్బాలు నడిచాయి. ఆగస్టులో లోరెంజెన్ ఆమె ఇంటికొచ్చి, ప్లమ్ కేకు తిని, కందకం మళ్ళీ తవ్విస్తామన్నాడు. రాతి గోడలు, పట్టుకోడానికి కమ్మీ కూడా పెట్టిస్తారట.

హైద్రున్ కాఫీ పోస్తూ, "తవ్వుకోండి. వాననీళ్ళు పోడానికి పనికొస్తుంది. మేం మాత్రం దిగం" అంది.

ఇప్పుడు పచ్చికలో సన్నటి కాలిబాట పడింది. మేడ కిటికీలోంచి చక్కగా కనిపిస్తుంది.