చిన్నమ్మ చేతి బిళ్లలు

మా ఆయన నైజాం మీద కొట్లాడే సంఘంతో కలిసి అడవికి పోయిన ఏడు, నేను అత్తగారింట్లోనే ఉంటే రజాకార్లు వచ్చి నన్ను పట్టి అడుగుతారని భయపడి మా మామ నన్ను బండెక్కించి పుట్టింటికి పంపాడు. నల్లగొండ నుంచి కేతేపల్లి పోయే దారిలో మా ఊరు. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. మొగుడు ఎక్కడున్నాడో తెలియని పిల్ల ఏడవాలి గానీ, బండి ఊరు దగ్గరపడుతున్నకొద్దీ నాకు సంతోషమే కలిగింది. బాపు దగ్గర ఉండొచ్చు కదా అనుకున్నాను. మా అమ్మ పోయాక, నా పెళ్లయ్యేదాకా ఆయనకు వండిపెట్టింది, చెలకకు సద్ది మోసింది, మోట కొట్టి వచ్చిన వీపుకు నూనె రాసింది నేనే.

నన్ను అత్తవారింటికి పంపిన మరుసటేడు బాపు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ వచ్చినామె నాకంటే అయిదేళ్లే పెద్దది. చిన్నమ్మా అని పిలవమన్నారు, పిలిచాను.

ఆమె చెడ్డ మనిషి కాదు. అయ్యుంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. నేను ఇంట్లోకి అడుగుపెట్టగానే నీళ్లిచ్చింది, తలకు నూనె పెడతానంది. నేను పొయ్యి దగ్గరికి పోతే నా చేతిలోంచి గరిటె తీసుకుని, దూరం నుంచి వచ్చావు కూర్చోమంది. నా గరిటె అది. కూర్చున్న చోటి నుంచే ఇల్లంతా కలియజూశాను. కారం డబ్బా ఉన్నచోట లేదు. బాపు తినే కంచం మారింది. ఆయన గొంగడి మడతపెట్టే తీరు కూడా మారింది.

అప్పటికే బాపుకు నడుము నొప్పి. జీవితమంతా మోట కొట్టిన ఒళ్లు, నొప్పి ఉండదా అనుకున్నాం. కానీ ఆ చలికాలం ఆయన కూర్చోలేకపోయాడు, పడుకోలేకపోయాడు. మూత్రం చుక్కచుక్కగా వచ్చేది. మనిషి సగమయ్యాడు. నాటు వైద్యం అయింది, మొక్కులు అయ్యాయి. ఎండాకాలం రాగానే చిన్నమ్మ, పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపోతానని నిలబడింది. నేనూ వస్తానని ఏడ్చాను. బాపు నా ముఖం చూడకుండా, "ఇద్దరు వోతె ఇల్లెవరు జూస్తరు? నువ్వుండు బిడ్డా" అన్నాడు.

ఇరవై రోజులు ఇంటికి కాపలా ఉన్నాను. ఆ ఇరవై రోజులూ నేను దేవుణ్ని ఏం కోరుకున్నానో ఇప్పుడు చెప్పాలంటే సిగ్గేస్తుంది. బాపుకు నయం కావాలి, కానీ ఆమె వల్ల కాకూడదు అని కోరుకున్నాను.

వాళ్లు తిరిగి వచ్చినప్పుడు చిన్నమ్మ చేతిలో రెండు గాజు సీసాలున్నాయి. వాటిలో పెసరగింజ కంటే కొంచెం పెద్ద తెల్లని బిళ్లలు. ఆమెకు అన్న నేర్పిన అక్షరాలు వచ్చు. డాక్టరు రాయించి ఇచ్చిన కాగితం కూడబలుక్కుంటూ నాకు చదివి చెప్పింది. మూత్రం సంచి కింద పుట్టిన రాచపుండు ఎముకల్లోకి పాకిందట. కోసి తీసే దశ దాటిపోయిందట. ఈ బిళ్ల దాన్ని చంపదు, నిద్రపుచ్చుతుంది. పొద్దున ఒకటి, పొద్దుగూకాక ఒకటి, రెండూ అన్నం తిన్న తర్వాతే. నొప్పి ఎక్కువైందని ఇంకొకటి వేయకూడదు, తగ్గిందని మానకూడదు. ఉప్పు తగ్గించాలి. కాళ్లు ఉబ్బినా ఆయాసం వచ్చినా బిళ్ల ఆపి వెంటనే దవాఖానకు పోవాలి. అంతా చదివి, సీసాలు తన సందుగలో పెట్టి, తాళంచెవి కొంగుకు కట్టుకుంది.

మూడు వారాలు గడిచేసరికి బాపు లేచి బాయి గడ్డమీద కూర్చున్నాడు. నెల దాటాక చెలక చుట్టూ ఒక చుట్టు నడిచి వచ్చాడు. ఊరంతా వచ్చి చూసింది. ఆమె చేతి చలువ అన్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ నేను ఏదో పని కల్పించుకుని దొడ్లోకి పోయేదాన్ని. బిళ్లకు లేని చలువ ఆమె చేతికి ఎక్కడిది? ఆ తాళంచెవి నా కొంగున ఉంటే ఈ మాట నన్ను అనేవాళ్లు కదా!

అంతకంటే బాధపెట్టింది ఇంకొకటుంది. బాపు నన్ను వీపుకు నూనె రాయనివ్వడం మానేశాడు. స్నానమప్పుడు చిన్నమ్మ ఒక్కతే లోపలికి పోయి తలుపు వేసేది. మండే ఎండలో కూడా ఆయన అంగీ విప్పేవాడు కాదు, పైన గొంగడి కప్పుకునేవాడు. నేను దగ్గరికి పోతే ఆ గొంగడి ఇంకా దగ్గరికి లాక్కునేవాడు. ఆమె నా మీద ఏవో చెప్పి బాపు మనసు విరిచిందని నమ్మాను. ఒకనాడు తలుపు దగ్గర నిలబడి విన్నాను. లోపల మాటలు లేవు. చెంబుతో నీళ్లు పోస్తున్న చప్పుడు, మధ్యలో బాపు ఏడుస్తున్నట్టు ఒక మూలుగు. ఆయన ఏడుపు కూడా ఆమెకే దక్కిందనుకున్నాను.

వానలు పడ్డాయి. జొన్న మోకాలెత్తు దాటింది. అప్పుడే యూనియన్ మిలిట్రీ వచ్చింది. నాలుగైదు రోజుల్లో రజాకార్లు తుపాకులు పారేసి ఎటు వాళ్లటు పోయారు. ఊళ్లో జెండాలు ఎగరేశారు. మా ఇంట్లో మాత్రం ఎవరం సంబరపడలేదు, ఎందుకంటే మిలిట్రీ ఇప్పుడు సంఘం వాళ్లను వెతుకుతోందని తెలిసింది. ఆ గడబిడలోనే చిన్నమ్మకు కబురు వచ్చింది. పారిపోతూ రజాకార్లు కొట్టిన దెబ్బలకు వాళ్లన్న మంచాన పడ్డాడు. వాళ్లూరు మూసీ అవతల. బాపు పొమ్మన్నాడు.

పోయేముందు ఆమె నన్ను కూర్చోబెట్టి కాగితంలో ఉన్నదంతా మళ్లీ చెప్పి, నాతో చెప్పించుకుని, తాళంచెవి నా కొంగుకు తనే కట్టింది. "మూడు దినాలల్ల వస్త పిల్లా. ఎక్కువ తక్కువ గాకుండ జూస్కో" అంది. నేను తలూపాను. బండి మలుపు తిరగగానే సందుగ తెరిచి సీసా చేతిలోకి తీసుకున్నాను. ఎంత తేలిగ్గా ఉందో అది.

ఆ మొదటి రెండు రోజులంత సుఖంగా నేను ఎప్పుడూ లేను. జొన్న గట్క కలిపి పెట్టాను, బిళ్ల వేశాను. బాపు నా చేతి నుంచి నీళ్లు తాగాడు. కానీ మూడో రోజు నుంచి ఆయన వాకిలి వైపు చూడటం మొదలుపెట్టాడు. మూసీ పొంగిందని, పడవలు ఆగాయని తెలిసింది. ఆమె రాలేదు. బాపు నడుము పట్టుకుని, "ఆమె ఉన్నప్పుడు గింత నొయ్యలే" అన్నాడు.

ఆ మాటకే నేను ఆ పని చేశాను. ఒక బిళ్ల ఇంత మేలు చేస్తే రెండు ఇంకెంత చేస్తాయని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె తిరిగి వచ్చేసరికి బాపు నాగలి పట్టాలి, ఇది నా బిడ్డ చేతి చలువ అనాలి. పూటకు రెండు వేయడం మొదలుపెట్టాను. చప్పిడి కూర తినలేక మొహం తిప్పుకుంటున్నాడని మామిడికాయ తొక్కు కూడా పెట్టాను. ఆయన వేళ్లు నాకి, ఎన్నాళ్లకు తిన్నానని నవ్వాడు. ఆ నవ్వు కోసం మళ్లీ మళ్లీ పెట్టాను.

వారం తిరిగేసరికి బాపుకు వాంతులు. పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. కాగితంలో ఉన్నది నాకు గుర్తు లేక కాదు. దవాఖానకు పోతే సంగతి బయటపడుతుంది. తగ్గుతుందిలే అనుకున్నాను. ఆ తర్వాత ఎడమ పిక్క ఒక్కటే వాచింది. ఎర్రగా, వేడిగా, రాయిలా గట్టిపడింది. నేను ఆముదం వెచ్చచేసి ఆ కాలు ఒత్తుతూ కూర్చున్నాను. ఆయన ఇన్నాళ్లకు నన్ను ముట్టనిచ్చాడని లోలోపల సంబరపడ్డాను కూడా.

పోయిన పన్నెండో రోజు మధ్యాహ్నం చిన్నమ్మ మోకాళ్లదాకా బురదతో వచ్చింది. నేను కాలు ఒత్తుతుండటం చూసి మూట కింద పడేసి నా చెయ్యి పట్టుకుంది.

"ఒత్తకు. చెయ్యి దీయ్."

సందుగ తెరిచి సీసా చూసింది. ఎన్ని ఉండాలో, ఎన్ని ఉన్నాయో ఆమెకు తెలిసిపోయింది. బండి కట్టమని పాలేరుకు చెప్పి, గడ్డి పరిచి, బాపు కాలు కింద ఎత్తుగా మూటలు పెట్టింది. ఆమె తిట్టి ఉంటే నాకు కొంచెం ఊరట ఉండేది.

నల్లగొండ దారిలో మిలిట్రీ వాళ్లు బండి ఆపారు. ఒక జవాను బండిలోకి తొంగిచూసి, బాపు రెండు చేతులతో గొంగడి ఎదమీద బిగించి పట్టుకోవడం చూశాడు. లోపల తుపాకీ ఉందనుకున్నాడేమో, తీయమన్నాడు. బాపు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. చిన్నమ్మ దండం పెట్టి, రోగి అని ఉర్దూలో బతిమాలింది. అతను వినకుండా గొంగడి లాగి, అంగీ కూడా పైకెత్తాడు.

బాపు ఎద ఆడవాళ్ల ఎదలా ఉంది. రెండు వైపులా ఉబ్బి, కొనలు నల్లబడి ఉన్నాయి. జవాను చేయి అలాగే ఆగిపోయింది. అంగీ కిందికి వదిలి, గొంగడి తనే కప్పి, పొమ్మని చేయి ఊపాడు. బాపు కళ్లు మూసుకున్నాడు. జవాను చూసినందుకు కాదు, నేను చూసినందుకు. ఆ సంగతి ఆయన ముఖం అటు తిప్పుకున్న తీరులోనే నాకు అర్థమైంది.

నల్లగొండ మిషను దవాఖానలో డాక్టరమ్మ కాలు చూడగానే బిళ్లలు ఎవరిస్తున్నారు, ఎన్ని ఇస్తున్నారని అడిగింది. నేను నేల చూశాను. చిన్నమ్మ నా భుజం మీద చేయి వేసి, "చెప్పు పిల్లా. దాచితె మీ బాపు పానం మీదికొస్తది" అంది. అన్నీ చెప్పాను. రెండేసి బిళ్లలు, తొక్కు, ఆముదం, పిక్క ఒత్తడం. డాక్టరమ్మ రాసుకుంది. కాలి నరంలో నెత్తురు గడ్డకట్టిందని, ఒత్తితే ఆ గడ్డ ఊడి గుండెకో ఊపిరితిత్తులకో చేరితే మనిషి అక్కడికక్కడే పోతాడని చెప్పింది. బిళ్లలు ఆపించి, కాలు ఎత్తులో పెట్టించి, కదలకుండా పడుకోబెట్టింది. నావల్లే అయిందా అని అడిగాను. అయి ఉండొచ్చు, సరిగ్గా వేసినా ఒక్కొక్కరికి ఇలా అవుతుంది, తేల్చి చెప్పలేనంది. ఆ తేలని మాట ఈనాటికీ నా వెంట ఉంది.

ఆ మరునాడు వరండాలో చిన్నమ్మ నాకు మిగతా సగం చెప్పింది. ఆ రోగానికి తిండి మగవాళ్ల ఒంట్లో ఊరే రసమేనట. ఆ రసాన్ని అణచడానికి ఆడవాళ్ల ఒంటి రసంలాంటి మందు ఇచ్చారు. ఎద పెరుగుతుంది, ముట్టుకుంటే నొప్పి పుడుతుంది, ఇక మొగుడూ పెళ్లాల కాపురం ఉండదు. పట్నంలో డాక్టరు ఇదంతా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. లేదంటే ఆ రసం ఊరే బీజాలు తీసేసే ఆపరేషన్. దానికి బాపు ఒప్పుకోలేదు.

"మీ బాపు నా దిక్కు జూసిండు. నాకేం గావాల్నో నన్నడుగుతున్నట్టు. నొప్పి వోతె సాలని నేనన్న" అంది. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్లు. పిల్లలు లేరు. ఇక పుట్టరు.

నా అసూయ ఆ మాటతో కడుక్కుపోయిందని చెబితే అబద్ధమవుతుంది. జాలి కలిగింది, ఆమె చేయి పట్టుకుని ఏడ్చాను. ఏడుస్తూ కూడా, ఆ సిగ్గును బాపు ఆమెకు చూపించాడు, నాకు చూపించలేదు అని అనుకుంటూనే ఉన్నాను.

కాలి వాపు తగ్గింది. కానీ బిళ్ల ఆగింది గనుక కొన్ని నెలలకు నొప్పి మళ్లీ లేచింది. మళ్లీ ఆ మందు ఇవ్వడానికి డాక్టరమ్మ ఇష్టపడలేదు. ఈసారి బాపు తనే ఆపరేషన్ చేయమన్నాడు. చేశారు. దానితో ఇంకో ఏడాది పైన మంచిగా బతికాడు. ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు ఒక పొద్దున వాకిట్లో కూర్చుని అంగీ విప్పి, "నూనె రాయి బిడ్డా" అన్నాడు. రాశాను. ఎదవైపు నేను చూడలేదు, ఆయన దాచనూ లేదు. చిన్నమ్మ లోపల జొన్నలు చెరుగుతోంది, బయటికి రాలేదు. ఆయన పోయిన రోజు తల ఆమె ఒడిలో ఉంది, కాళ్లు నా ఒడిలో.

తర్వాత చిన్నమ్మ అన్న వచ్చి తమ ఇంటికి రమ్మన్నాడు. ఆమె పోలేదు. మందూ మాత్రా తప్పకుండా చూసే మనిషి కావాలని డాక్టరమ్మ పిలిస్తే మిషను దవాఖానలో ఆయాగా చేరింది. మిలిట్రీకి దొరికి జైలుకు పోయిన మా ఆయన విడుదలయ్యాక నేను మా అత్తగారి ఊరికి వెళ్లాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు సంతకొచ్చినప్పుడు ఆమెను చూసి వచ్చేదాన్ని.

ఒకసారి పోయేసరికి ఆమె ఒక ముసలాయన పెళ్లాంతో మెట్ల మీద కూర్చుని ఉంది. ఆయనకూ బాపు రోగమే. ఏ పూట ఎన్ని, ఉప్పెంత, కాలు వాస్తే ఏం చేయాలి, ఏం చేయకూడదు, ఎద ఉబ్బితే మొగుణ్ని నలుగురి కంటపడకుండా ఎలా కాపాడుకోవాలి, అన్నీ నిదానంగా చెబుతోంది. ఆ ముసలమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని వింటోంది. నేను బెంచీ మీద కూర్చున్నాను. చిన్నమ్మ నన్ను చూసి, "జర ఆగు బిడ్డా, వస్త" అని మళ్లీ ఆమె వైపు తిరిగింది. ఎంతసేపటికీ లేవలేదు. ఆ ముసలమ్మ చేతులు విడిపించి చిన్నమ్మను ఇవతలికి లాక్కురావాలనిపించింది నాకు.