గొడుగు గుడ్డ సంచి

మా ఇంట్లో నన్నెవరూ కట్టి పడేయలేదు. ఆ మాట ముందే చెప్పెయ్యాలి, లేకపోతే పాపం మావయ్యగారి మీదికి నింద వెళ్తుంది. రాయపూర్‌లో, దేవేంద్ర నగర్‌లో మేడ మీద వాటా మాది. పెళ్ళయి వచ్చిన కొత్తలో, కాసేపు బయటికి వెళ్ళి రానా అని అడిగితే ఎవరూ వద్దనలేదు. "ఏటి కావాలమ్మా?" అని మాత్రం అడిగేవారు మావయ్యగారు. కావలసిందేదో చెప్తే సాయంత్రానికల్లా అది ఇంటికి వచ్చేసేది. ఏమీ అక్కర్లేదంటే, మరి వెళ్ళడం ఎందుకు? ఊరికే, ఊపిరాడ్డానికి, అని పెద్దాయన ముందు ఎలా చెప్తాను!

మావయ్యగారు రైల్వే ఆఫీసులో పని చేసేవారు. ఇంటికి వస్తూ దారిలో కూరగాయలు కొని స్కూటర్ హ్యాండిల్‌కి రెండు పక్కలా తగిలించుకుని వచ్చేవారు. అన్నీ పన్నీల్లోనే. ఇక్కడ పల్చటి ప్లాస్టిక్ సంచిని అందరూ పన్నీ అంటారు, శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ మేమూ అదే అంటాం. వంకాయలకో పన్నీ, టమాటాలకో పన్నీ, గుప్పెడు పచ్చిమిరపకాయలకి మళ్ళీ ఇంకోటి. మెట్ల మీద ఆ గరగర వినపడితే నాకు ఒళ్ళు మండేది. ఇవాళ కూడా బయట చెయ్యాల్సిన పని ఏదీ మిగల్లేదన్నమాట. అత్తమ్మ వాటిని దులిపి, మడిచి, గ్యాస్ సిలిండర్ వెనక కుక్కేది. సిలిండర్ మార్చిన ప్రతిసారీ అవన్నీ జారి నా కాళ్ళ మీద పడేవి.

మా ఆయనకి టాటీబంధ్ అవతల ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. ఇంట్లో ఉన్నారంటే నిద్రపోతున్నారని అర్థం. వీధి వైపు ఉన్నది ఒకే ఒక్క కిటికీ. హోలీ దాటగానే దానికి కూలర్ బిగించేస్తారు, వానలు పడేదాకా తియ్యరు. గుడికో, తెలిసినవాళ్ళింటికో వెళ్తే అత్తమ్మయినా నేనయినా స్కూటర్ వెనక ఒక పక్కకి తిరిగి కూర్చుని వెళ్ళడమే. ఈ ఊళ్ళో రోడ్డుకి ఎడమ పక్క ఉన్న దుకాణాలు మాత్రమే నాకు తెలుసు.

అలా ఉండగా ఒక ఏడు మునిసిపాలిటీ బండి మైకు పెట్టుకుని వీధులన్నీ తిరిగింది. పన్నీలు బంద్, కొనడానికి వెళ్ళేవాళ్ళు ఝోలా, అంటే గుడ్డ సంచి, తెచ్చుకోండి అని. మావయ్యగారికి చిర్రెత్తుకొచ్చింది.

"ఆఫీసుకి ఝోలా చంకనెట్టుకుని ఎల్లమంటారేటి? మా సాబ్ ముందు నా ఇజ్జత్ ఏటి కావాల?"

ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు లేచాను. "నేను వెళ్తాను మావయ్యగారూ. సంచి ఇంట్లోది కాబట్టి ఇంట్లోంచే ఎవరో ఒకరు వెళ్ళాలి."

కాదనడానికి ఎవరికీ కారణం దొరకలేదు. పాత కర్టెను చింపి రెండు సంచులు కుట్టాను. మొదటి రోజు వాటిని భుజానికి తగిలించుకుని చెప్పకుండా పుట్టింటికి పారిపోతున్నదానిలా గబగబా మెట్లు దిగాను. బజారులో ఆకుకూరల ఆవిడ "ఝోలా లాయే హస్ దీదీ?" అంది, సంచి తెచ్చుకున్నావా అని. విప్పి చూపించాను. అంత గర్వంగా నా డిగ్రీ సర్టిఫికెట్ కూడా ఎవరికీ చూపించలేదు.

ఇంక చూడండి నా పర్యావరణ ప్రేమ! పన్నీలో పెడితే లాల్ భాజీ, అదే ఎర్ర తోటకూర, చెమట పట్టి మగ్గిపోతోందన్నాను. కాలవలు పూడిపోతున్నాయన్నాను, ఆవులు తినేస్తున్నాయన్నాను. అన్నీ నిజాలే. కానీ నాకు కావలసింది ఆ సాయంత్రపు గంట. పోగొట్టుకోకూడదని కూరలు ఒక్క రోజుకి సరిపడానే తెచ్చేదాన్ని. అప్పుడప్పుడు కొత్తిమీర కావాలనే మర్చిపోయేదాన్ని. సిలిండర్ వెనక చోటు ఖాళీ అయింది, ఇరుగుపొరుగులో నాకు మంచి పేరు కూడా వచ్చింది.

నేను ఇంటికి రాగానే అత్తమ్మ వాకబు మొదలయ్యేది. కూరల గురించి కాదు. "భీడ్ ఉందా, జనం బాగా ఉన్నారా? ఎవులు కనపడ్డారు? ఆకుకూరల దాని పక్కన ఎవులు కూకున్నారు? అది ఏటంది?" అని ఒకదాని మీద ఒకటి. ఎంతసేపు ఎక్కడ తిరిగానో ఆరా తీస్తోందని నాకు మంట. ముక్తసరిగా జవాబిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఆవిడ వెనకే వచ్చి మళ్ళీ అడిగేది.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. ఇల్లు సర్దుతుంటే ఊచలు విరిగిన నల్ల గొడుగు దొరికింది. గుడ్డ మాత్రం చెక్కుచెదరలేదు. ఊచల నుంచి ఊడదీసి, పట్టుదలగా కూర్చుని సంచి కుట్టాను. లోపల చిన్న జేబు పెట్టాను. సంచినంతా ఆ జేబులోకే మడిచేస్తే గుప్పిట్లో పట్టేస్తుంది. అంత బాగా కుదిరినందుకు మురిసిపోయి, ఉండబట్టలేక మావయ్యగారికి చూపించాను.

ఆయన దాన్ని విప్పారు, మడిచారు, మళ్ళీ విప్పారు. పాంటు జేబులో పెట్టుకుని, పైనుంచి తట్టి చూసుకున్నారు. ఎవరికీ కనపడదు. ముఖం వెలిగిపోయింది.

"బలే కుట్టినావమ్మా! ఇంక ఈ గర్మీలో నీకు తిప్పలెందుకు? నానే తెచ్చీస్తాను."

ఏమని వాదించను? పన్నీ లేదు, ఆకుకూర మగ్గదు, ఆవులకి ప్రమాదం లేదు. ఏడాదిపాటు నేను చెప్పిన కారణాలన్నిటికీ ఆయన జేబులో సమాధానం ఉంది. "అలాగే మావయ్యగారూ" అన్నాను. మర్నాటి నుంచి మెట్ల మీద గరగర కూడా లేదు, చప్పుడు చెయ్యకుండా కూరలు వచ్చేస్తున్నాయి. కర్టెను సంచులు తలుపు వెనక మేకుకి వేలాడుతున్నాయి. వాటిని చూస్తే ఏడుపొచ్చేది. ఆయన ఒక్కసారి గట్టిగా కసిరినా బాగుండును, కోపం తెచ్చుకోవడానికైనా వీలుండేది. మంచితనం మీద ఎవరు తిరగబడతారు?

సాయంత్రాలు అత్తమ్మ కూడా ఆరా తియ్యడం మానేసింది. కూలర్ ముందు కూర్చుని, మావయ్యగారు తెచ్చిన చిక్కుళ్ళు ఈనెలు తీసేది.

ఒకరోజు పొద్దున ఆఫీసుకి బయల్దేరుతూ మావయ్యగారు జేబులు తడుముకున్నారు. సంచి లేదు.

"మట్టి కొట్టుకుపోనాదని ఉతికీసినాను" అంది అత్తమ్మ వంటింట్లోంచి.

ఆయన ఆ సాయంత్రం ఉత్త చేతులతో వచ్చారు. మర్నాడు అడిగితే "ఇంకా ఆరనేదు" అంది. పప్పుతో ఆ పూట గడిచింది. ఆ మధ్యాహ్నం వడియాలు తియ్యడానికి డాబా మీదికి వెళ్ళాను. తీగ మీద గొడుగు గుడ్డ సంచి వేలాడుతోంది. ముట్టుకుంటే పెనంలా కాలింది. వానలో తడిసినా ఒక్క విదిలింపుకి ఆరిపోయే గుడ్డ అది. రాయపూర్ మే నెల ఎండలో రెండు రోజులైనా ఆరలేదట! అలాగే వదిలేసి కిందికి వచ్చాను.

సాయంత్రం అత్తమ్మ పైటకి పిన్ను పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. మేకుకి ఉండాల్సిన కర్టెను సంచులు రెండూ ఆవిడ చేతిలో ఉన్నాయి. మావయ్యగారు అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతున్నారు.

"ఈ గర్మీలో మీరెందుకు? రేపటికి ఆరిపోద్ది కదేటి?" అన్నారు.

"ఆరదు" అంది అత్తమ్మ.

ఒక సంచి నా భుజానికి తగిలించి, రెండోది తన భుజానికి వేసుకుని ముందు మెట్లు దిగింది. నేను వెనకే దిగాను. ముప్ఫై ఏళ్ళకి పైగా ఈ ఊళ్ళో, అందులో సగం ఈ ఇంట్లోనే కాపురం చేసిన మనిషి గేటు తీసి, రోడ్డు మీద నిలబడి, అటూ ఇటూ చూసింది. తర్వాత నావైపు తిరిగి మెల్లిగా అడిగింది.

"ఎటేపు?"