పాలెం సీసాలకు కాగితం

1938లో నేను మార్కాపురం ఆసుపత్రిలో నర్సుని. అప్పుడు మాది కర్నూలు జిల్లా. ఎవరి సీసా వాళ్ళే తెచ్చుకోవాలి. కాంపౌండరు అందులో మిక్చర్, అంటే నీళ్లమందు పోసి, గాట్లు కత్తిరించిన కాగితం అంటించేవాడు. గాటుకూ గాటుకూ మధ్య ఉన్నది ఒక డోసు. చదువు రానివాళ్ళు కూడా చూసి తాగొచ్చు.

ఊరి చివర పాలెం నుంచి వచ్చే క్రైస్తవ కూలీల సీసాలను మాత్రం, అంటరానివాళ్ళవని, అతను ముట్టేవాడు కాదు. కింద పెట్టించి పైనుంచి పోసేవాడు. ముట్టనివాడు కాగితం ఎలా అంటిస్తాడు? అడిగితే, "మీరు పురుళ్ళు చూసుకోండమ్మా" అన్నాడు. నాకు ఒళ్ళు మండేది. డాక్టరుగారు చూసీ చూడనట్టు ఉండేవారు.

పాలెంలో రాహేలమ్మ కూతురికి మలేరియా. గాట్లు లేని క్వినైన్ మిక్చర్ ఒకపూట గుక్కెడు, ఒకపూట సగం సీసా తాగించేది. ఎక్కువైతే చెవుల్లో హోరు, వాంతులు. తక్కువైతే మళ్ళీ చలిజ్వరం. పిల్ల ఎముకల గూడైపోయింది.

అంతలో జిల్లా మెడికల్ ఆఫీసరు తనిఖీకి వచ్చారు. ఎవరిని అడిగినా "అంతా బాగుంది దొరా" అనాలని కాంపౌండరు రోగులకు ముందే నూరిపోశాడు. రాహేలమ్మ వంతు వచ్చింది.

"మందు మంచిదే దొరా. అందరి సీసాలకూ కాయితం అంటిస్తాండారు, మాకు లేదు. ఎంత తాపాలో తెలీక నా బిడ్డ సచ్చేట్టుండాది."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఆ పోసేది గూడా పొయ్యరేమోనని బయపడినా. ఇంకా బయపడితే బిడ్డ దక్కదు."

ఆఫీసరుగారు కేకలేయలేదు. ఆమె సీసాను స్వయంగా తీసి కాంపౌండరు చేతిలో పెట్టి, "అంటించండి" అన్నారు. అతను అంటించాడు. కాగితం లేని సీసా ఇక గడప దాటకూడదని ఆఫీసరుగారు డాక్టరుగారికి గట్టిగా చెప్పి వెళ్ళారు. ఊళ్ళో కొందరు కొన్నాళ్ళు సణిగి ఊరుకున్నారు.

పిల్ల కోలుకుంది. ఒకరోజు రాహేలమ్మ దాన్ని నడిపించుకుంటూ వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"నర్సమ్మా, ఆ దొర మళ్లా ఎప్పుడొస్తాడు?"

"బిడ్డకు నయమైంది కదా, ఇంకా ఏంది?"

"త్రిపురాంతకం నుంచి నడిచొచ్చినోళ్ళను గూడా ఎండలోనే నిలబెడతాండారు. ఆ మాట చెప్పాల."

ఆశ వదులుకున్నవాళ్ళు ఫిర్యాదు చేయరు, తాయెత్తు కట్టుకుని ఇంట్లోనే పడుకుంటారు. ఆ తర్వాత ఏ ఆసుపత్రిలో పనిచేసినా, రోగులంతా "బాగుంది" అంటే నాకు గుండె దడగా ఉండేది. ఎవరైనా నిలబడి నిలదీస్తే మాత్రం, వీళ్ళు మళ్ళీ వస్తారులే అని ధైర్యంగా ఉండేది.