కోట పాటిమన్ను

మా ఊరి కోట ఎవరిదని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. రెడ్డిరాజులు కట్టారట, నవాబులు లాక్కున్నారట, తర్వాత జమీందారు అందులో ఏనుగుల్ని కట్టేశాడట. జమీందారీలు పోయాక సర్కారుది అన్నారు. సర్కారు ఒక నీలం బోర్డు పాతి, మళ్ళీ ఆ వైపు తొంగి చూడలేదు. ఈలోగా రాళ్ళన్నీ ఊళ్ళోకి చేరాయి. పెద్దిళ్ళ మెట్లు, మిరపకాయలు ఎండబోసే కల్లాల గట్లు, అన్నీ ఆ కోటే. చివరికి ఒక పెద్దమనిషి, ఆ దిబ్బ మా తాతలదేనంటూ పాస్‌పుస్తకం పుట్టించుకున్నాడు. ఎలా పుట్టిందని అడిగినవాడు లేడు. థూ!

ఇంతమంది దొరలు మారినా ఉత్తరపు బురుజు కింద మూల మాత్రం మా పేటదే. ఊరి శ్మశానంలో మాకు చోటివ్వలేదని ముత్తాతల కాలం నుంచీ మా వాళ్ళని అక్కడే పెట్టుకుంటున్నాం. అమ్మ కూడా అక్కడే ఉంది. అమ్మని పెట్టిన రోజు పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్ళాక, పక్కన ఇంకో మనిషికి జాగా ఉందో లేదో నాన్న పడుకుని మరీ చూసుకున్నాడు. అది తనదని పేటంతా చెప్పి ఉంచాడు.

కోటదిబ్బల్లో పాటిమన్ను ఉంటుంది. ఎప్పటెప్పటి బూడిదో, పేడో కలిసి మాగిన మట్టి. అది పడితే మిరపకాయ నిగనిగలాడుతుందని మా వైపు నమ్మకం. ఎండాకాలం వచ్చిందంటే ట్రాక్టర్లతో తోలించని రైతుండడు. పెద్దమనిషికి తెలియదా? దిబ్బ చుట్టూ ముళ్ళకంచె వేసి, పొక్లెయిను దించి, అమ్మకం మొదలుపెట్టాడు. సమాధుల జోలికి రావద్దని బతిమాలడానికి పేటంతా వెళ్ళాం. మంచం మీద నుంచి లేవకుండా పళ్ళు కుట్టుకుంటూ, "మీవాళ్ళని అక్కడ ఎవర్నడిగి పెట్టార్రా?" అన్నాడు మా నాన్నతో. నాన్న కొడుకు వయసు వాడికి. నేను బడిలో పాఠాలు చెప్పేదాన్ని గనక నావైపు తిరిగి, మీ మూల ముట్టుకోం లెండి టీచరుగారూ అన్నాడు. ఆ మర్యాదకి నాకు ఇంకా కంపరం పుట్టింది.

మా తమ్ముడు కౌలుకి మిరప వేస్తాడు. అందరూ తోలించుకుంటున్నారని వాడూ పాటిమన్ను తోలమని చెప్పాడు. ఇది పడమటి వైపు తవ్విందేనని ట్రాక్టరు డ్రైవరు ఒట్టేశాడు. ఒట్టు తీసి గట్టున పెట్టాల్సిందే. చేలో మన్ను చిమ్ముతుంటే తమ్ముడి పారకి సిమెంటు పలక తగిలింది. దాని మీద సగం శిలువ, అమ్మ పేరులో సగం. పక్కన పుచ్చిన చెక్క, ఇంకా ఏవో తెల్లటి ముక్కలు. వాడు పార అవతల పారేశాడు. అప్పటికే సగం చేనుకి మన్ను చిమ్మేశారు. ఏది ఏరాలో, ఏది వదలాలో ఎవరికీ తెలియలేదు.

కబురు పెడితే, అమ్మిన సరుకు వెనక్కి తీసుకోనన్నాడట పెద్దమనిషి. వాడి బతుకు చెడ, నవ్వుతూ అన్నాడట.

నాన్న గట్టు మీద చెప్పులు విప్పి చేలోకి దిగాడు. చాలాసేపు అటూ ఇటూ చూశాడు.

"ఇంక నన్నూ ఇక్కడే పెట్టండి" అన్నాడు.

తమ్ముడు తలెత్తలేదు. "కౌలు చేను నాన్నా. ఆసామి ఒప్పుకోడు."